బంతి తన్నితే జీతమెవరిస్తారు?

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఫుట్‌బాల్‌లో కుడి వింగులో ఆడుతుంది. స్కూల్ గేమ్స్ (ఎస్‌జీఎఫ్) పోటీలకి జిల్లా జట్టులోకి తీసుకున్న దగ్గర్నుంచీ మా ఇంట్లో ఒక వాదన మొదలై ఇప్పటికీ తెగలేదు. ఒకవైపు మా ఆవిడ. విజయనగరంలో ఒక సహకార బ్యాంకులో గుమాస్తా. లెక్క కుదరకపోతే ఆవిడకి అన్నం సహించదు. ఇంకోవైపు ఆవిడ తమ్ముడు, జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీ. పిల్ల కాళ్లలో వేగం ముందు కనిపెట్టింది వాడే. అక్కని వాడు అప్ప అంటాడు. మొన్న ఒక ఆదివారం వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది మాట్లాడుకున్నట్టే రాస్తున్నాను. మధ్యలో నోరు మెదపడానికి నాకు సందు దొరకలేదు గనక, నేననుకున్నవి బ్రాకెట్లలో పెట్టుకున్నాను.

తమ్ముడు: సౌమ్య గుగులోత్‌ని చూడప్పా. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల. 2001లో పుట్టింది. 2022లో యూరప్ వెళ్లి క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కి ఆడింది. తిరిగొచ్చాక ఈస్ట్ బెంగాల్‌లో చేరింది. ఆ జట్టు 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఏఐఎఫ్ఎఫ్ ఆవిడకే ఇచ్చింది. తెలుగు గడ్డ మీద ఆడగుంట ఫుట్‌బాల్ ఆడి బతకలేదని ఇంకెవరైనా అనగలరేటి?

అప్ప: ఒక పేరు చెప్పావు. రెండోది చెప్పు.

తమ్ముడు: బాలాదేవి. 2020లో స్కాట్లండ్‌లో రేంజర్స్ క్లబ్బుతో పద్దెనిమిది నెలల కాంట్రాక్టు. మనీషా కల్యాణ్. సైప్రస్‌లో అపోలాన్ జట్టుకి ఆడుతూ మహిళల చాంపియన్స్ లీగ్‌లో దిగిన మొదటి భారతీయురాలు.

అప్ప: ఒకర్తి మణిపూర్, ఒకర్తి పంజాబ్. నేనడిగింది తెలుగు పేరు.

తమ్ముడు: ఇప్పటికిప్పుడు తట్టడం లేదు.

అప్ప: నువ్వు రోజూ ఇదే పనిలో ఉన్నవాడివి. నీకే తట్టకపోతే ఆ దారిలో ఎంతమంది నడిచారో నాకు తెలిసిపోయింది.

(వాడు మొదటి దెబ్బకే తడబడ్డాడు గానీ, ఆ ప్రశ్నలో కాస్త అన్యాయం ఉంది. సౌమ్య పుట్టినప్పుడు ఆవిడ ముందూ ఏ పేరూ లేదు.)

తమ్ముడు: మరి కరణం మల్లేశ్వరికి ముందు ఎవరున్నారు? ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో ఏముందని ఆవిడ ఇనుము పట్టుకుంది? 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కంచు తెచ్చాక గదా, మన జిల్లాల్లో తండ్రులు కూతుళ్లని పొద్దున్నే వ్యాయామశాలకి తోలడం మొదలెట్టింది.

అప్ప: వెయిట్‌లిఫ్టింగ్ సంగతి నువ్వే ఎత్తావు, మంచిదే. నెల్లిమర్ల పక్కన కొండవెలగాడకి వెళ్లి చూడు. మత్స సంతోషి ఆ ఊరి పిల్లే. 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో 53 కిలోల్లో కంచు వచ్చింది. మొదటొచ్చిన నైజీరియా అమ్మాయి డోపింగులో దొరికితే అది వెండయింది. ఆ ఆటలో నాకు నచ్చేది ఏటంటే, ఎత్తావా లేదా అన్నది అందరి ముందూ తేలిపోతుంది. పక్కదాన్ని బంతి ఇమ్మని బతిమాలుకోనక్కర్లేదు. ఒక పిల్ల, ఒక కడ్డీ, ఒక గురువు, ఒక రేకుల షెడ్డు ఉంటే చాలు. నీ ఆటకి పదకొండు మంది కావాలి, ఎదురుగా ఇంకో పదకొండు మంది ఉండాలి. ఆ ఇరవై రెండు మంది ఆడగుంటలు మన జిల్లాలో ఒక్కచోట దొరుకుతారా? మన గుంట ఎవరితో ఆడుతోంది సాయంత్రాలు?

తమ్ముడు: మగపిల్లలతో.

అప్ప: అదీ సంగతి.

తమ్ముడు: మగపిల్లలతో ఆడబట్టే దానికి ఆ వేగమొచ్చింది! బంతి దొరకగానే గీత పక్కనుంచి దూకుతుంది చూశావా? ఎదుటి వాడు తన మీదకి వచ్చేదాకా ఆగుతుంది, వాడి బరువు ఒక కాలి మీద పడిందని చూసుకుని రెండో పక్కకి లాగేస్తుంది. ఇది నేను నేర్పలేదు. అయోధ్య మైదానంలో పెద్ద కుర్రాళ్లు భుజంతో తోస్తుంటే, పడిపోకుండా తప్పించుకోవడానికి అదే నేర్చుకుంది.

అప్ప: మోకాలి మీద గచ్చకాయంత మచ్చలు పడ్డాయి, అవి నేను చూశాను. ఎడం బూటు బొటనవేలి దగ్గర నోరు తెరిస్తే గంటస్తంభం దగ్గర కుట్టించాను. అది మళ్లీ తెరుచుకుంది. ఇప్పుడు దానికి నల్ల టేపు చుట్టుకుని ఆడుతోంది. కింద మేకుల్లో రెండు అరిగిపోయాయి, మనది గడ్డి నేల కాదుగా, గులకరాళ్లు. ఆట బాగా ఆడుతుందని నాకు తెలుసురా. నేనడుగుతున్నది వేరు. ఆడితే జీతమెవరిస్తారు?

తమ్ముడు: లీగ్ ఇస్తుంది. ముందు నేను ఒకటి అడుగుతాను చెప్పు. నీ వెయిట్‌లిఫ్టింగ్‌లో జీతముందా? పతకం తెస్తే రైల్వేలో ఉద్యోగం, తేకపోతే ఇనుము ఇనుమే, నువ్వు నువ్వే. ఫుట్‌బాల్‌లో ఆడినందుకే జీతం. 2023-24 నుంచి ఐడబ్ల్యూఎల్‌లో ప్రతి క్లబ్బూ కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులకి ఏడాదికి తక్కువలో తక్కువ 3 లక్షల 20 వేలు ఇచ్చి తీరాలని ఏఐఎఫ్ఎఫ్ నియమం పెట్టింది.

అప్ప: నెలకి ఇరవై ఆరు వేల ఆరువందల చిల్లర.

తమ్ముడు: మన ఊళ్లో ప్రైవేటు బళ్లో టీచరమ్మకి ఎంతిస్తున్నారు? బీటెక్ చదివి మధురవాడలో మొదటి ఉద్యోగం చేసేవాళ్లు ఇంటికి ఎంత పంపగలుగుతున్నారు? ఇరవై ఏళ్ల పిల్లకి ఇది తీసిపారేసే డబ్బు కాదప్పా.

అప్ప: నేను తీసిపారెయ్యలేదు. ఎన్ని నెలలు?

తమ్ముడు: అంటే?

అప్ప: సీజను ఎన్ని నెలలు? ఎన్ని మ్యాచులు?

తమ్ముడు: 2024-25లో ఎనిమిది జట్లు. ఒక్కో జట్టుకీ 14 మ్యాచులు. జనవరిలో మొదలై ఏప్రిల్‌లో అయిపోయింది.

అప్ప: మిగతా ఎనిమిది నెలలు?

తమ్ముడు: ప్రాక్టీసు, రాష్ట్ర పోటీలు, జాతీయ జట్టు క్యాంపు. 2023-24 నుంచి ఐడబ్ల్యూఎల్ 2 కూడా...

అప్ప: పదిమందికి అన్నావు. జట్టులో పాతిక మంది ఉంటారు. పదకొండో దానికి?

(వాడు తల గోక్కున్నాడు. బ్యాంకులో అప్పు కాగితం మీద సంతకం పెట్టే ముందు రైతులకి ఎందుకలా చెమటలు పడతాయో నాకప్పుడు తెలిసింది.)

తమ్ముడు: కొత్తగా మొదలైన లీగ్‌ని నీ బ్యాంకు లెడ్జరుతో కొలిస్తే ఎలాగ? అసలు దీన్ని ఎదగనిచ్చారా? 1920 డిసెంబర్‌లో ఇంగ్లండ్‌లో గుడిసన్ పార్క్ మైదానంలో ఆడవాళ్ల మ్యాచ్‌కి 53 వేల మంది వచ్చారు. ప్రెస్టన్‌లో ఫ్యాక్టరీ పనిచేసుకునే అమ్మాయిలు, డిక్ కెర్ లేడీస్ అని జట్టు. ఏడాది తిరక్కుండా, 1921 డిసెంబర్‌లో, ఈ ఆట ఆడవాళ్లకి తగదని చెప్పి తమ మైదానాలు వాళ్లకి ఇవ్వకూడదని అక్కడి ఫుట్‌బాల్ సంఘం తీర్మానించింది. ఆ నిషేధం సుమారు యాభై ఏళ్లు నడిచింది. జనం లేక ఆట ఆగలేదప్పా. జనం వచ్చాకే ఆపేశారు. మన దేశంలో చూస్తే ఆడవాళ్ల ఫుట్‌బాల్‌కి సంఘం పెట్టుకున్నదే 1975లో. అది కూడా విడి సంఘం, మగవాళ్ల సంఘం వీళ్లని పట్టించుకోలేదు గనక. అయినా 1980లో ఆసియాలో రన్నరప్, 1983లో మళ్లీ రన్నరప్. శాంతి మల్లిక్‌కి అర్జున అవార్డొచ్చింది ఆ 1983లోనే.

అప్ప: నలభై ఏళ్ల కిందట ఆసియాలో రెండో జట్టు! మరి ఇప్పుడు?

తమ్ముడు: 2025 జూలైలో చియాంగ్ మయిలో థాయ్‌లాండ్‌ని వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించాం. సంగీతా బస్ఫోర్ రెండు గోల్స్. క్వాలిఫయర్లు ఆడి ఆసియా కప్‌లో చోటు గెలుచుకోవడం అదే మొదటిసారి. మన సౌమ్య ఆ జట్టులో ఉంది.

అప్ప: చూశాను. ఫెడరేషన్ 50 వేల డాలర్ల బహుమానం ప్రకటించింది, అదీ చదివాను. సుమారు 43 లక్షలు. ఆడినవాళ్లకీ సిబ్బందికీ పంచితే తలకి రెండు లక్షలు నిండవు. అదే ఏడాది నవంబర్‌లో క్రికెట్ అమ్మాయిలు ప్రపంచ కప్ గెలిచారు. కడప జిల్లా పిల్ల శ్రీచరణికి మన ప్రభుత్వం ఏమిచ్చింది? రెండున్నర కోట్లు, ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం. అంతకు ముందే డబ్ల్యూపీఎల్‌లో ఢిల్లీ వాళ్లు 55 లక్షలకి కొనుక్కున్నారు. గుంటకి ఆటే కావాలంటే ఆ ఆట నేర్పరాదా?

తమ్ముడు: దానికి బ్యాటిస్తే కుడికాలితో తన్నుతుంది.

(ఇద్దరూ నవ్వారు. ఈ ఊళ్లో ఆట అనగానే క్రికెట్టే గుర్తుకు రావడంలో వింత లేదు. స్టేడియం విజ్జీ పేరు మీదే ఉంది. ఆ మహారాజకుమారుడు 1936లో ఇంగ్లండ్‌లో భారత జట్టుకి నాయకుడిగా వెళ్లి, మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేసి వచ్చారు. ఆట మీద ఎదురు ఖర్చు పెట్టగలిగినవాళ్ల చరిత్ర అది. మా ఆవిడ అడుగుతున్నది రెండోరకం వాళ్ల సంగతి.)

అప్ప: సరేరా, ఒకటి చెప్పు. కేరళ బ్లాస్టర్స్ అమ్మాయిల జట్టు ఏమైంది?

తమ్ముడు: నీకెలా తెలుసు ఇది?

అప్ప: కూతురు ఆడుతుంటే తల్లి చదవదా? 2023 మార్చిలో వాళ్ల మగజట్టు బెంగళూరు మీద ఆడుతూ, ఛెత్రి కొట్టిన ఫ్రీకిక్ చెల్లదని అలిగి మైదానం వదిలి వెళ్లిపోయింది. ఫెడరేషన్ నాలుగు కోట్లు జరిమానా వేసింది. జూన్ వచ్చేసరికి క్లబ్బు ఏం చేసింది? డబ్బుల్లేవని ఆడవాళ్ల జట్టుని ఆపేసింది. అలిగినవాళ్లు మగాళ్లు, రోడ్డున పడ్డవాళ్లు ఆడవాళ్లు. ఒరే, మన నాన్న జూట్ మిల్లులో పనిచేశాడు. గేటుకి లాకౌటు నోటీసు అంటించిన పొద్దు నీకు గుర్తులేదు, నువ్వు చిన్నోడివి. క్యారియర్ పట్టుకుని వెళ్లినవాడు క్యారియర్ విప్పకుండా తిరిగొచ్చాడు. నాన్నకి పని రాకనా? మగ్గం దగ్గర ఆయన్ని మించినవాడు లేడనేవారు. పనితనం ఎంతున్నా గేటు తాళం చెవి ఇంకొకడి జేబులో ఉంటుంది. ఈ ఆటలో తాళం చెవి ఎవరి జేబులో ఉందో చెప్పు నాకు. అంతే.

(కాసేపు వాడు మాట్లాడలేదు. మామగారి సంగతి వచ్చినప్పుడల్లా ఇంతే.)

తమ్ముడు: తాళం చెవి సంగతి నీకన్నా ఎక్కువే తెలుసు నాకు. 2022 ఆగస్టులో ఫిఫా మన ఫెడరేషన్‌ని సస్పెండ్ చేసింది. పెద్దల పదవుల తగాదా. గోకులం కేరళ అమ్మాయిలు ఆసియా క్లబ్బుల పోటీ ఆడ్డానికి అప్పటికే తాష్కెంట్‌లో దిగి ఉన్నారు. ఆడొద్దన్నారు. ఒక్క మ్యాచ్ ఆడకుండా విమానమెక్కారు. పది పన్నెండు రోజుల్లో సస్పెన్షన్ ఎత్తేశారు, కానీ ఆ పోటీ ఆగదుగా.

అప్ప: నా వైపు సాక్ష్యం నువ్వే చెప్తున్నావేటి?

తమ్ముడు: సాక్ష్యం కాదు. ఇంత జరిగినా వాళ్లు ఆడటం మానలేదు, అది చూడమంటున్నాను. ఈస్ట్ బెంగాల్ మూడేళ్లకే ఆసియా చాంపియన్స్ లీగ్‌లో ఆడింది.

అప్ప: వాళ్లు మానరు. మానలేరు. అందుకేగా వాళ్లతో ఎవరైనా ఎలాగైనా ఆడుకోగలుగుతున్నది! 2022లో పదిహేడేళ్ల లోపు ఆడపిల్లల ప్రపంచ కప్‌లో మన జట్టు మ్యాచులు మన పక్కనే, భువనేశ్వర్‌లో జరిగాయి. కెప్టెన్ అష్టమ్ ఒరావ్, జార్ఖండ్ పిల్ల. ఆ పిల్ల గౌరవార్థం ఊళ్లోకి రోడ్డు వేశారు. ఆ రోడ్డు పనికి తల్లీ తండ్రీ రోజుకూలీకి వెళ్లారని పేపర్లు రాశాయి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పిల్ల పేరున రోడ్డు, ఆ రోడ్డు మీద తట్టలు మోసేది కన్నవాళ్లు.

తమ్ముడు: ఆ పోటీలో అమెరికా మీద ఎనిమిది గోల్స్ తేడాతో ఓడిపోయారు కూడా, అది చెప్పలేదు నువ్వు.

అప్ప: గోల్స్ నేను లెక్కపెట్టలేదు.

తమ్ముడు: భువనేశ్వర్ అన్నావు గనక చెప్తున్నాను. అనంతపురంలో ఆర్డీటీ వాళ్ల మైదానాలున్నాయి గానీ, ఇక్కణ్ణుంచి అది వేరే దేశమంత దూరం. హైదరాబాద్ కూడా అంతే. మనకి దగ్గర ఒడిశా. పొద్దున్న రైలెక్కితే మధ్యాహ్నానికి దిగొచ్చు. భువనేశ్వర్‌లో ట్రయల్స్‌కి తీసుకెళ్లి, ఎంపికైతే అక్కడే హాస్టల్లో చేర్పిద్దాం. 2024-25 లీగ్‌లో ఎనిమిది జట్లుంటే రెండు ఒడిశావి. ఆంధ్రా నుంచి ఒక్కటీ లేదు, తెలంగాణ నుంచీ లేదు. సౌమ్య కూడా ముంబయి, కేరళ, కోల్‌కతా క్లబ్బులకే ఆడింది, నిజామాబాద్‌లో కూర్చుంటే అయ్యేది కాదు. ఇచ్ఛాపురం దాటితే వేరే రాష్ట్రమని మనం అనుకుంటాం. బంతికి అదేం తెలీదు.

అప్ప: బంతికి తెలీదు, హాస్టలు ఫారానికి తెలుసు. నివాస ధ్రువీకరణ పత్రం అడుగుతారా అడగరా?

తమ్ముడు: కనుక్కోవాలి.

అప్ప: ఇంకోటి. మోకాలు. ఆడవాళ్లకి మోకాలి లిగమెంటు తెగడం మగవాళ్లకన్నా ఎక్కువని డాక్టర్లే అంటున్నారు. స్పెయిన్ పిల్ల అలెక్సియా, ప్రపంచంలో నంబర్ వన్, 2022 యూరో మొదలయ్యే ముందురోజు ప్రాక్టీసులో తెగింది. ఆవిడ వెనక బార్సిలోనా ఉంది. ఆపరేషనూ డాక్టర్లూ వాళ్లే చూసుకున్నారు. ఏడాది తిరిగేసరికి మళ్లీ ఆడింది, ప్రపంచ కప్ పట్టుకుంది. మన గుంటకి గులకరాళ్ల మీద తెగితే వెనక ఎవరున్నారు? నేనూ, నా పీఎఫ్ అప్పూ.

తమ్ముడు: కాంట్రాక్టులో వైద్యం ఖర్చు రాయించుకుంటారు.

అప్ప: కాంట్రాక్టు దాకా వెళ్లే లోపల తెగితే? ట్రయల్స్‌లో తెగితే? పెళ్లయ్యాక, కడుపుతో ఉంటే?

తమ్ముడు: దానికి ఫిఫా నియమముంది. 2021 జనవరి నుంచి అమల్లో ఉంది. పద్నాలుగు వారాలు ప్రసూతి సెలవు, జీతంలో మూడింట రెండొంతులు ఇవ్వాలి. ఐస్‌లాండ్ కెప్టెన్ సారా గున్నార్స్‌దోత్తిర్ కడుపుతో ఉండగా లియాన్ క్లబ్బు జీతం పూర్తిగా ఇవ్వకపోతే కేసు వేసి 82 వేల యూరోలు రాబట్టుకుంది.

అప్ప: అంటే ఐస్‌లాండ్ కెప్టెన్‌కే కేసు వేస్తే గానీ రాలేదు.

తమ్ముడు: నీతో ఎలా మాట్లాడాలప్పా? ఏది చెప్పినా అందులోంచి ముల్లే తీస్తావు. సరే, ఇవేవీ వద్దు. లీగూ వద్దు, యూరప్పూ వద్దు. జాతీయ స్థాయిలో ఒక సర్టిఫికెట్ వచ్చిందనుకో. రాష్ట్రంలో స్పోర్ట్స్ కోటా 3 శాతం చేశారు. రైల్వే ఉంది, పోలీసు ఉంది. బెంబెం దేవి అంతటి ఆవిడ మణిపూర్ పోలీసులోనే ఉద్యోగం చేసింది, పద్మశ్రీ కూడా వచ్చింది. గుంట జీవితం స్థిరపడుతుంది. చాలా?

అప్ప: ఇప్పుడు దొరికావు.

తమ్ముడు: ఏటి?

అప్ప: గంట నుంచీ ఫుట్‌బాల్ ఒక వృత్తి అని వాదించావు. ఇప్పుడు నాకు అమ్ముతున్నది ఏటి? రైల్వే ఉద్యోగం. ఆట ఆడితే టికెట్ కలెక్టరు అవుతుంది, అదీ నీ భరోసా. ఒరే, ఉద్యోగం కోసమే అయితే దానికి బ్యాంకు పరీక్ష నేనే నేర్పిస్తాను. వృత్తి అని నిజంగా నమ్మినవాడివైతే నేనడిగినవే నువ్వూ అడగాలి గదా. పన్నెండు నెలల జీతం ఏదీ, మోకాలికి బీమా ఏదీ, క్లబ్బు మూసేస్తే నష్టపరిహారం ఏదీ అని. నేను ఆటకి అడ్డం అంటావు. ఆటని కూలిపనిలాగ, ఉద్యోగంలాగ చూసినదాన్ని ఈ ఇంట్లో నేనొక్కర్తినే. నువ్వు దాన్ని సర్టిఫికెట్‌లాగ చూస్తున్నావు. మీ బావ పేపర్లో ఫోటోలాగ చూస్తున్నారు.

(నా మీదకి వస్తుందని ఊహించలేదు. కాదనడానికి లేదు. జిల్లా జట్టు ఫోటో నా పర్సులో ఉంది. మా ఆవిడ పక్షం గట్టిదే గానీ అందులో ఒక లొసుగుంది. ఆవిడ అడిగే హామీలు ఏ ఆటలోనూ మొదటి తరానికి దొరకలేదు. అడిగి సాధించుకున్నవాళ్లు ముందు ఆడినవాళ్లే. ఐస్‌లాండ్ ఆవిడ కేసు గెలిచింది మైదానంలో ఉండబట్టే గదా, ఒడ్డున నిలబడి కాదు.)

తమ్ముడు: తప్పయింది. ఉద్యోగం మాట వెనక్కి తీసుకుంటాను. కానీ నువ్వడిగినవన్నీ రాసిచ్చే క్లబ్బు వచ్చేదాకా పిల్లని ఆపితే, అలాంటి క్లబ్బు వచ్చేసరికి పిల్లకి నీ వయసొస్తుంది. పదిహేనేళ్లకి ట్రయల్స్‌కి వెళ్లకపోతే పద్దెనిమిదికి వెళ్లి లాభం లేదు. ఈ ఆటకి గడువుంటుందప్పా. మీ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లాగ ఎప్పుడైనా వెయ్యడానికి కుదరదు.

అప్ప: ఆపుతానని నేనెప్పుడన్నాను?

తమ్ముడు: అనలేదా?

అప్ప: ఆడొద్దని ఒక్కసారైనా అన్నానా? బూటు కుట్టించింది ఎవరు? భువనేశ్వర్ ట్రయల్స్ అన్నావు. తేదీ కనుక్కో. బయటి రాష్ట్రం పిల్లల్ని తీసుకుంటారో లేదో ఫోన్లో కాదు, రాతపూర్వకంగా కనుక్కో. దెబ్బ తగిలితే ఎవరిది పూచీ అన్నది కూడా ఆ కాగితంలో ఉండాలి.

తమ్ముడు: అలాంటి కాగితం ఎవరూ ఇవ్వరప్పా.

అప్ప: అడిగావా?

తమ్ముడు: ఎవరూ అడగరు.

అప్ప: అయితే మనం అడుగుదాం. నువ్వు ఇంగ్లీషులో రాయి, నేను దిద్దుతాను. పదో తరగతి పరీక్షల మధ్యలో పెడితే మాత్రం నేనొప్పుకోను. అదీ రాయి.

తమ్ముడు: అది తొమ్మిదే గదా ఇప్పుడు.

అప్ప: వాళ్లు జవాబిచ్చేసరికి పదికొస్తుంది.